బండికి ఎడమ పక్క

8 డిసెంబరు 2002, ఆదివారం

వెళ్ళడం ఖాయమైంది. ఇరవై ఎనిమిదో తారీకు, శనివారం తెల్లవారుజామున. రాయపూర్‌కి.

మా ఇల్లూ, మా అబ్బా లారీ నిలిపే షెడ్డూ ఒకే స్థలంలో ఉన్నాయి. ఆ స్థలంలో ఓనరు కాంప్లెక్స్ కడతాడట, ఏడాది చివరికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. రాయపూర్‌లో అబ్దుల్లా చాచాకి లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఉంది. వెనక గదులు ఖాళీగా ఉన్నాయి, అందరూ వచ్చెయ్యండి అని ఫోన్ల మీద ఫోన్లు. అందరూ అంటే పదకొండు మంది. దాదీ, అబ్బా, అమ్మీ, అష్ఫాక్ భయ్యా, భాభీ, వాళ్ళ పిల్లలు ముగ్గురు, నా చెల్లెళ్ళిద్దరు, నేను. దాదీ కోళ్ళు వేరే.

మనం రైల్లో పోదాం, సామాను లారీలో వెళ్తుంది అన్నాడు భయ్యా. అబ్బా పేపర్లోంచి తల ఎత్తలేదు. నా బండి ఉండగా నావాళ్ళు టికెట్టు కొనుక్కుని పోతారా అన్నాడు. అంతే. మా ఇంట్లో అబ్బా మాటకి అప్పీలు లేదు.

వైజాగ్ దాకా హైవే. అక్కణ్ణించి సాలూరు ఘాటు, కోరాపుట్, జగదల్‌పూర్, కేశ్‌కాల్ ఘాటు. రెండు రాత్రుళ్ళు రోడ్డు మీదే. అక్కడ చలికి నీళ్ళ బకెట్టు ముట్టుకోలేం అంటున్నాడు చాచా. మేమేమో ఫ్యాన్ ఆపితే చలికాలం వచ్చిందనుకునే కృష్ణా జిల్లా మనుషులం.

10 డిసెంబరు, మంగళవారం

స్కూల్లో మానేస్తున్నానని చెప్పాను. మూడో తరగతి పిల్లలు ఏడుస్తారనుకున్నాను. కొత్త టీచర్ కొడుతుందా అని అడిగారు.

11 డిసెంబరు, బుధవారం

స్వెట్టర్లు కొన్నాం. బెంజ్ సర్కిల్ దగ్గర ఫుట్‌పాత్ మీద టిబెటన్లు పెట్టుకున్నారు, ప్రతి చలికాలం వచ్చేవాళ్ళే. అబ్బా, నేను, ఆస్రా వెళ్ళాం. ఆస్రా భయ్యా పెద్ద కూతురు, నాలుగేళ్ళది. ఎర్ర స్వెట్టరు వేసుకుని ఇక విప్పనంది. చెమటలు కారుతున్నా విప్పలేదు. దాదీకి మంకీ క్యాప్ తీసుకున్నాం. దాదీ దాన్ని చూసి, ఇది పెట్టుకుంటే ప్రాణాలు తీసుకుపోయే మలకుల్‌మౌత్ కూడా నన్ను గుర్తుపట్టడు, మంచిదే అంది.

తిరిగొచ్చేటప్పుడు ఒకటి జరిగింది. రోడ్డు దాటుతున్నాం. ఎడమ వైపు నుంచి ఆటో వస్తోంది. చాలా దూరం నుంచే వస్తోంది, నాకు కనపడుతోంది, అబ్బాకీ కనపడే ఉంటుందనుకున్నాను. ఆయన అడుగు ముందుకే వేశాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆటో మా కాళ్ళ పక్కనుంచి పోయింది.

ఏదో ఆలోచనలో ఉన్నాను అన్నాడు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి, రోడ్డు మీద ఆలోచనలో పడడం నేనెప్పుడూ చూడలేదు.

13 డిసెంబరు, శుక్రవారం

అన్నం తింటున్నప్పుడు చూశాను. పచ్చడి గిన్నె అబ్బాకి ఎడమ వైపు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. పచ్చడి లేదా అని అడిగాడు. అమ్మీ గిన్నె జరిపి ఆయన ఎదురుగా పెట్టింది. తర్వాత మంచినీళ్ళు కూడా అలాగే. అమ్మీ చేతికి అది అలవాటు పని లాగా ఉంది.

ఆ తర్వాత అబ్బా పేపర్ తీసి, సంతాప ప్రకటనల్లో ఉండే చీమతలకాయంత అక్షరాలు కూడా గడగడా చదివాడు. అద్దాలు లేకుండా. నాకేమీ అర్థం కాలేదు.

15 డిసెంబరు, ఆదివారం

కన్నతండ్రికి పరీక్ష పెట్టాను. సిగ్గుగా ఉంది, రాస్తున్నాను.

అబ్బా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ఎడమ పక్కన నిలబడ్డాను. చెయ్యి ఊపాను. వేళ్ళు ఆడించాను. నాలుక కూడా బయటపెట్టాను, చిన్నప్పుడు పెట్టినట్టు. ఆయన ఎదురుగా ఉన్న లారీనే చూస్తూ బీడీ కాల్చుకుంటున్నాడు. నా నీడ కాళ్ళ మీద పడ్డాక తలంతా తిప్పి చూసి, ఎప్పుడొచ్చావే అన్నాడు.

ఇప్పుడే అబ్బా అన్నాను.

17 డిసెంబరు, మంగళవారం

సొలొమోను అన్న వచ్చాడు. మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు అబ్బా లారీకి క్లీనర్. అబ్బానే స్టీరింగ్ నేర్పించి లైసెన్స్ ఇప్పించాడు. ఇప్పుడు సొంతంగా దూరాలకి లైను బండి తోలుతున్నాడు, ఒరిస్సా అంతా కొట్టినపిండి. అయినా ఇప్పటికీ అబ్బా ఎదుట కుర్చీలో కూర్చోడు. గురువుగారూ అనే పిలుస్తాడు.

అబ్బా లారీని షెడ్డులోకి రివర్స్ చేస్తున్నాడు. సొలొమోను అన్న నాతో మాట్లాడుతూనే హఠాత్తుగా పరిగెత్తి, బాడీ చెక్క మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. లారీ టక్కున ఆగింది. ఎడమ వెనక చక్రం వెనకాల ఆస్రా మూడు చక్రాల సైకిలుంది. ఆస్రా దాని మీద లేదు. లేదు కాబట్టి సరిపోయింది.

ఒక దెబ్బ అంటే ఆగు. రెండు దెబ్బలంటే రైట్, పోనియ్. లారీ వాళ్ళందరికీ అదే భాష. వేసవి సెలవుల్లో అబ్బాతో ఉయ్యూరు దాకా వెళ్ళినప్పుడు నేనూ కొట్టేదాన్ని, చెయ్యి ఎర్రగా కందిపోయేదాకా. అబ్బా అప్పుడు చెప్పేవాడు, క్లీనర్ చెయ్యి పడిందంటే ఓనరైనా ఆగాల్సిందే, ఎందుకని అడక్కూడదు, ముందు ఆగాలి, అడగడం తర్వాత అని. ఆయన ఎవరి మాటా వినని మనిషి. ఆ చేతికి మాత్రం వినేవాడు.

సొలొమోను అన్నని గేటు దాకా సాగనంపుతూ అడిగేశాను. అబ్బా కళ్ళకి ఏమైందన్నా అని.  నిరుటి నుంచి తెలుసు ఫౌజమ్మా అన్నాడు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు లోడు తీసుకెళ్తూ ఎడమ పక్కంతా గీరించుకుని వచ్చాడట. ఎద్దుబండి వాడు తగిలించాడని చెప్పాడట. ఎద్దుబండి ఆగి ఉన్నదేనట. నడుం నొప్పి అని చెప్పి లైను బండి మానేసింది కూడా అందుకేనట. రాయపూర్‌కి నేను తోలుతాను గురువుగారూ అని అడిగితే, నా బండి తోలేంత మొనగాడివయ్యావా అని కసిరి పంపించాడట.

ఘాట్‌లో ఎడమ పక్క లోయ ఉండే మలుపులు చాలా ఉంటాయమ్మా అన్నాడు. ఆ మాట చెప్పకపోయినా బాగుండేది.

19 డిసెంబరు, గురువారం

అమ్మీకి అంతా తెలుసు.

బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే కంటి చుక్కల మందు సీసా తగిలింది. అమ్మీ నా చేతిలోంచి లాక్కుంది. తర్వాత వంటింటి తలుపు వేసి చెప్పింది. నీటికాసులు, అదే గ్లకోమా. నిరుడే డాక్టరు చెప్పాడు. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కన్ను గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా మాత్రమే చూస్తుంది. అందుకే పేపరు చదవగలుగుతున్నాడు, పక్కనున్న మనిషి కనపడడు. చుక్కలు వేస్తే ఉన్నది నిలుస్తుందేమో కానీ, పోయింది రాదు.

మరి బండి ఎలా తోలనిస్తావు అమ్మీ, పదకొండు మందిమి అన్నాను. నేను కేబిన్లో ఎడమ పక్క కూర్చుంటాను, నేను చెబుతాను, ఆయన తోలతాడు అంది. అమ్మీ ఇన్నేళ్ళలో లారీ కేబిన్లో ఎన్నిసార్లు కూర్చుందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అందరికీ చెబుతానన్నాను. అమ్మీ నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. ఎవరికీ నోరు విప్పి చెప్పనని ఒట్టెయ్యి బేటీ అంది. స్టీరింగ్ దగ్గరే మనిషయ్యాడు, ఆ స్టీరింగే లాక్కుంటే ఇంకేం మిగులుతుంది, పిల్లలకి తెలిసిందంటే ఆ దిగులుకే పోతాడు అని ఏడ్చింది. అమ్మీ ఏడిస్తే నేను తట్టుకోలేను. ఒట్టేశాను.

ఇంటి గుట్టు లంకకి చేటు అంటారు. మా ఇంట్లో గుట్టు దాచిపెట్టడమే చేటయ్యేలా ఉంది.

20 డిసెంబరు, శుక్రవారం

ఒట్టెందుకు వేశాను? బుద్ధి లేదు నాకు.

22 డిసెంబరు, ఆదివారం

ఇల్లంతా గోనెసంచులే. భాభీ గిన్నెలన్నీ పాత చీరల్లో చుడుతోంది. దాదీ రోలు కూడా తీసుకెళ్ళాలంటోంది, రాయపూర్‌లో రాళ్ళు ఉండవా అని చెల్లెళ్ళు ఏడిపిస్తున్నారు. అందరూ పెళ్ళికి వెళ్తున్నట్టు ఉన్నారు. నేనే పాడె కట్టే ఇంట్లో ఉన్నట్టున్నాను.

ఒట్టు తప్పకుండా ఏం చెయ్యొచ్చో అన్నీ చేశాను. భయ్యాని మళ్ళీ రైలు సంగతి అడగమన్నాను. చలికి దాదీకి ఆయాసం వస్తుంది అన్నాను. పేపర్లో మంచు వల్ల హైవే మీద జరిగిన యాక్సిడెంట్ ఫొటో తీసుకెళ్ళి చూపించాను. భయ్యా నవ్వాడు. అబ్బా చేతిలో స్టీరింగ్ ఉన్నాక మంచయితే ఏంటి, వానయితే ఏంటి, ముప్ఫై ఏళ్ళలో ఒక్క కేసు లేదు, పిరికిదానా అన్నాడు.

అదే కదా మా అందరి తప్పు. అబ్బాని నమ్మడం మాకు ఎంత అలవాటైపోయిందంటే, చూడడం మానేశాం.

25 డిసెంబరు, బుధవారం

సొలొమోను అన్న ఇంటికి క్రిస్మస్‌కి వెళ్ళాం నేనూ ఆస్రా. అన్న భార్య మాణిక్యం వదిన కేకు, అరిసెలు పెట్టింది. ఆస్రా ఎర్ర స్వెట్టరులోనే వచ్చింది. గుమ్మానికి కట్టిన కాగితం నక్షత్రం కావాలని మారాం చేసి సాధించుకుంది కూడా.

శనివారం పొద్దున్న మా ఇంటికి రా అన్నా అన్నాను. ఎందుకో చెప్పలేదు, ఆయనా అడగలేదు. వస్తాలే అమ్మా, గురువుగారిని సాగనంపొద్దా అన్నాడు. సాగనంపడానికి కాదు అన్నాను. పిలవందే ఆ బండి మెట్టు మీద కాలు ఎలా పెట్టను, ఆయన నోటితో రమ్మనాలి కదా అన్నాడు. అదీ నిజమే. ఆయన నోటి నుంచి ఆ మాట ఈ జన్మలో వస్తుందా?

26 డిసెంబరు, గురువారం

పొద్దున డీజిల్ కొట్టించడానికి బెంజ్ సర్కిల్ వైపు వెళ్ళాం. అమ్మీ కూడా వస్తానంది. ఎందుకే అన్నాడు అబ్బా. ఊరు వదిలిపోయే ముందు ఒక్కసారి చూసుకుంటాను అంది. నేనూ ఎక్కాను. అమ్మీ ఎడమ తలుపు పక్కన, నేను మధ్యలో.

బయట పొగమంచు. దీపాలు కూడా మసకమసకగానే కనపడుతున్నాయి. అమ్మీ వేళ్ళు సీటుని పట్టుకుని తెల్లబడ్డాయి. అదుగో సైకిల్, అదుగో మనిషి అని చెబుతూనే ఉంది. కానీ అమ్మీ చెప్పేసరికి సైకిలూ వెళ్ళిపోతోంది, మనిషీ వెళ్ళిపోతున్నాడు. ఊరికే కూర్చోవే, నీ మాటలకి ఇంజను చప్పుడు వినపడట్లేదు అని అబ్బా విసుక్కున్నాడు. అమ్మీ నోరు మూసింది. అప్పుడే ఎడమ వైపు ఏదో తగిలింది.

పాలవాడు. సైకిల్ దిగి పక్కన నిలబడి ఉన్నాడు. హ్యాండిల్‌కి తగిలి క్యాను పడిపోయింది. తారు రోడ్డు మీద పాలు. మనిషికి ఏమీ కాలేదు, అల్లా దయ. అబ్బా దిగి పాల ఖరీదు ఇచ్చాడు. డబ్బు పుచ్చుకుని కూడా ఆ మనిషి వదల్లేదు. కళ్ళు కనపడట్లా నీకు, గుడ్డోడివా అని అరిచాడు.

లారీ డ్రైవర్లని లోకమంతా తిట్టే తిట్టే అది. అబ్బా వెయ్యిసార్లు పడి ఉంటాడు, రెండు తిరిగి అని ఉంటాడు. ఈసారి ఏమీ అనలేదు. లారీ ఎక్కి చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక అమ్మీ బావి దగ్గర కూర్చుండిపోయింది. నా వల్ల కాలేదు, చూసేలోపే అయిపోతోంది అంది. అయితే ఒట్టు తీసెయ్యి అమ్మీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. అల్లా ఉన్నాడు అంది.

27 డిసెంబరు, శుక్రవారం, సాయంత్రం

లోడు అయిపోయింది. మంచాలు కింద, సంచులు పైన, వాటి మీద పరుపులు, ఆ పైన పట్టా. రోలు కూడా ఎక్కింది. కోళ్ళ గంప వెనక చివర. దాదీ, అమ్మీ, చంటిదాన్నెత్తుకుని భాభీ కేబిన్లో. మిగిలిన అందరం వెనక పట్టా కింద.

నేను కేబిన్లో ఎడమ తలుపు దగ్గర కూర్చుంటాను అబ్బా, చిన్నప్పటిలా చెయ్యి కొడతాను అన్నాను. ఆడపిల్లవి, రోడ్డున పోయేవాళ్ళందరికీ కనపడుతూ కూర్చుంటావా, వెనక కూర్చో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

జుమ్మా నమాజు నుంచి ఆలస్యంగా వచ్చాడు. కుడి చేత్తో లారీ చుట్టూ తడుముకుంటూ ఒకసారి తిరిగాడు. నాకు ఆయన మీద కోపం, జాలి, ప్రేమ అన్నీ కలిసి వస్తున్నాయి. ఏది ఎక్కువో తెలియట్లేదు.

28 డిసెంబరు, శనివారం, ఉదయం 5

అందరూ ఎక్కుతున్నారు. నేను ఇంకా కిందే ఉన్నాను.

28 డిసెంబరు, మధ్యాహ్నం, తుని దగ్గర ధాబా

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పొగమంచులో గేటు కూడా కనపడట్లేదు. సొలొమోను అన్న తలకి మఫ్లర్ చుట్టుకుని ఓ పక్కన నిలబడి ఉన్నాడు. అబ్బా ఆయన్ని చూసి తలూపాడు, అంతే. బిస్మిల్లా అని స్టీరింగ్ దగ్గరికి ఎక్కాడు. లారీ వెనక తలుపు, డాలా దగ్గర నుంచి భయ్యా నాకు చెయ్యి అందించాడు. నేను పట్టుకోలేదు. చెప్పులు ఊడిపోయాయని ఏదో అన్నాను. భయ్యా నేను ఎక్కేస్తాననుకుని రెండు దెబ్బలు కొట్టాడు. బండి కదిలింది.

అప్పుడు ఎడమ పక్కకి పరిగెత్తి, బాడీ చెక్క మీద అరచేత్తో బలమంతా పెట్టి కొట్టాను. ఒక్క దెబ్బ.

ఆగిపోయింది. లోపల గిన్నెలు దొర్లాయి, కోళ్ళు అరిచాయి. ఎవరు కొట్టారు అని అబ్బా కేక. ఏం అడ్డం వచ్చింది అని మళ్ళీ కేక. ఏమీ అడ్డం రాలేదు. ఎదురుగా ఖాళీ రోడ్డు, మంచు.

అబ్బా దిగాడు. ముందు నుంచి చుట్టూ తిరిగి, ఎడమ చేత్తో చెక్కల్ని తడుముకుంటూ ఎడమ పక్క వెంట వచ్చాడు. నేను గోడకి ఆనుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నన్ను దాటిపోయాడు. ఆయన తువ్వాలు నా చేతికి తగిలింది. అయినా దాటిపోయాడు.

వెనక్కి వెళ్ళి భయ్యాని అడిగాడు. ఫౌజియా కొట్టింది అన్నాడు భయ్యా. ఏదీ, ఎక్కడుందది అన్నాడు అబ్బా. భయ్యా నవ్వబోయాడు. వేళాకోళం అనుకున్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. చెల్లెళ్ళు పట్టా పైకెత్తి చూస్తున్నారు. అమ్మీ దిగి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.  అందరూ నన్ను చూస్తున్నారు, నాకు రెండడుగుల దూరంలో నిలబడి నన్ను వెతుకుతున్న అబ్బాని చూస్తున్నారు.

పట్టా కిందనుంచి ఆస్రా తల బయటపెట్టింది. దాదా, ఫుప్పు నీ పక్కనే ఉంది కదా అంది.

అబ్బా ఒళ్ళంతా తిప్పి చూశాడు. నేను కనపడ్డాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆ తర్వాత మెల్లగా తల తిప్పుతూ ఒక్కొక్కరినీ చూశాడు. అందరి మొహాల్లోనూ ఒకటే ఉంది, ఇక దాచడానికి ఏమీ లేదు. నీకు ఎప్పట్నించి తెలుసు అని నన్ను అడిగాడు. ఒట్టు ఉంది. నోరు విప్పలేదు. ఏడుపు ఆపుకోవడం మాత్రం నా తరం కాలేదు.

ఆయన ఎర్రబడ్డ నా అరచెయ్యి పట్టుకుని చూశాడు. క్లీనర్ చెయ్యి పడింది, ఆగాల్సిందే అన్నాడు. 

తర్వాత సొలొమోనూ అని పిలిచాడు. గురువుగారూ అంటూ అన్న ముందుకొచ్చాడు. అప్పుడు చూశాను, అన్న భుజాన సంచి ఉంది. అందులో స్వెట్టరు, దుప్పటి, మాణిక్యం వదిన కట్టిచ్చిన టిఫిన్ డబ్బా. పిలుపు వస్తుందో రాదో తెలియకుండానే సర్దుకుని వచ్చాడు. అబ్బా తాళం చెవి చేతిలో పెట్టి వెంటనే వదల్లేదు. ఘాట్‌లో సెకండ్ గేరు దాటించకు, బ్రేకు మీద నిలబడకు, గేరు మీద దిగు అని చెబుతూనే ఉన్నాడు. అవన్నీ ఆయనే నేర్పినవి. అన్న మొదటిసారి వింటున్నట్టు ప్రతిదానికీ అలాగే గురువుగారూ అన్నాడు.

అబ్బా కేబిన్ ఎడమ తలుపు తీసి, దాదీని మధ్యలోకి జరగమని, తను కిటికీ పక్కన కూర్చున్నాడు. అమ్మీ మాతో పాటు వెనక ఎక్కింది. దారంతా నా చెయ్యి వదల్లేదు. నా మీద కోపమా అని అడిగాను. ఎర్రబడ్డ నా అరచేతిని తన చున్నీలో చుట్టింది.

తుని దాకా అబ్బా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడట. ధాబాలో టీ కూడా తాగలేదు. నేను పదకొండు మందిని కాపాడానో, ఒక మనిషిని చంపానో నాకు తెలియట్లేదు.

30 డిసెంబరు, కేశ్‌కాల్ ఘాటు

మంచు. చలికి పెన్ను రాయట్లేదు.

పట్టా సందులోంచి చూస్తే కేబిన్ ఎడమ కిటికీలోంచి అబ్బా తల బయటికి ఉంది, దాదీకి కొన్న మంకీ క్యాప్ పెట్టుకుని. మెడ మొత్తం తిప్పి, మలుపు అంచునే, ఒక్క అంచునే చూస్తున్నాడు. తలుపు రేకు మీద ఆయన అరచెయ్యి ఒక దెబ్బ కొట్టింది. ఆగాం. ఎదుటి లారీ రాసుకుంటూ పోయింది. పట్టా కింద ఎవరం ఊపిరి తీసుకోలేదు.

రెండు దెబ్బలు.